అన్ని పెట్టెలకూ ఒకటే పిన్

జనవరి 20, మంగళవారం

పొద్దున పదకొండింటికి పోయిన కరెంటు ఇంకా రాలేదు. ఇప్పుడు నాలుగవుతోంది. షాపులో మూడు మోటార్లు విప్పి పడున్నాయి. వైండింగు మిషను తిరగదు. చేతిలో పని లేకపోతే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే పురుగుమందుల షాపువాళ్ళు ఇచ్చిన ఈ డైరీ తీశాను. మనుషుల్ని తిడితే గొడవ, దీంట్లో తిట్టుకుంటే ఎవరికీ నొప్పి లేదు.

పదకొండింటికి మా పొలాలకు కరెంటిచ్చే ఫీడరు మీదున్న మోటార్లన్నీ ఒక్కసారే లేచాయట. లేచి, ఆగి, మళ్ళీ లేచాయట. మూడోసారికి సబ్‌స్టేషన్‌లో ఢామ్మంది. దేవమ్మ చేలో ట్రాన్స్‌ఫార్మరు నూనె కక్కుకుని కాలిపోయింది. మిరపకి ఇంకా రెండు తడులు కావాలి. ఆమె రెండెకరాల సంగతి ఇక దేవుడికే తెలియాలి.

మధ్యాహ్నం నుంచి రైతులు ఒకరి తర్వాత ఒకరు షాపు ముందుకొచ్చి ఒకటే పాట. "మేం ఫోను ముట్టుకోలా సాయిబూ, మోటారు దానంతటదే లేచింది." దానంతటదే లేవడానికి దానికేమన్నా దెయ్యం పట్టిందా? నొక్కి ఉంటారు. నొక్కి, నొక్కలేదంటారు. మూడేళ్ళలో మూడు వందల పన్నెండు మొబైల్ స్టార్టర్లు బిగించాను ఈ చుట్టుపక్కల. మంచం మీద పడుకుని ఫోనులో నొక్కితే చేలో మోటారు తిరగాలి వీళ్ళకి. పాముల భయం తప్పిందని నాకు దండాలు పెట్టినవాళ్ళే ఇవాళ నా పెట్టె మీద పడుతున్నారు. నా పెట్టెలో ఏ లోపం లేదు.

జనవరి 21, బుధవారం

ఇవాళ కూడా. సరిగ్గా పదకొండింటికే.

జనవరి 22, గురువారం

ఇన్నయ్య వచ్చాడు. ఎప్పటిలా బల్ల మీద కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. జేబులోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. మెమో.

నరసరావుపేటలో ఐటీఐ ఇద్దరం ఒకే బెంచీ మీద చదివాం. నేను మోటార్ల వైపు వచ్చాను, వాడు స్తంభాలెక్కాడు. పంతొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు లైన్‌మన్. ఈ ఎండాకాలం పర్మినెంటు చేసే లిస్టులో వాడి పేరుంది. ఆ లిస్టు కోసం వాడి భార్య ఎన్ని ఉపవాస ప్రార్థనలు చేసిందో నాకు తెలుసు.

మెమోలో ఏముందంటే, ఫీడరు పడిపోయాక సబ్‌స్టేషన్‌ని అడక్కుండా ఇన్నయ్య లైనులోకి మళ్ళీ కరెంటు వదిలాడట, అందుకే ట్రాన్స్‌ఫార్మర్లు కాలాయట. ఫిబ్రవరి తొమ్మిదిన విచారణ. తప్పు రుజువైతే ఇంటికే.

"నేను ఆ టైముకి లైను దగ్గరే లేనురా. అంగన్‌వాడీ కాడ సర్వీసు వైరు కడతన్నా. ఏఈ గారికి చెప్పా. 'మరెవరి పేరు రాయమంటావు?' అన్నాడు" అన్నాడు ఇన్నయ్య.

ఎవరి పేరో ఒకటి కావాలి వాళ్ళకి. ఈ ఫీడరు కింద ఒకరి మోటారు లేచాకే ఇంకొకరిది వేసుకోవాలని ప్రతి రైతుకీ వంతు నేర్పింది ఇన్నయ్యే. మోటారు లేచేటప్పుడు తిరిగేటప్పటికంటే ఐదారు రెట్లు లాగుతుంది, అందరూ ఒకేసారి వేస్తే ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోలేదని గట్టున కూర్చోబెట్టి చెప్పాడు. అలాంటివాడికా మెమో? ఏసీ గదిలో కూర్చుని రాసినవాడి చేయి విరిగిపోను.

"నువ్వు భయపడబాకరా, నేనున్నా" అన్నాను.

వాడు నా వైపు కాసేపు చూసి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

జనవరి 24, శనివారం

స్టార్టర్ల కంపెనీకి ఫోను చేసి గంటసేపు అరిచాను. అవతల ఒక పిల్లకాకి. "మా సర్వరు సేఫ్ సార్. పెట్టె నంబరు, పిన్ తెలిసినవాళ్ళు తప్ప ఎవరూ ఆన్ చేయలేరు సార్. పిన్ మార్చుకోవడం కస్టమరు బాధ్యత సార్." మాటకి మూడు సార్లు చొప్పున సార్.

పిన్ సంగతి నేనడగలేదు. వాడే ఎత్తాడు. ఎందుకెత్తాడో.

జనవరి 26, సోమవారం

నా పెట్టె బిగించుకున్న రైతు మౌలాలీ గుంటూరు ఆస్పత్రిలో ఉన్నాడు. వాడి ఫోను ఇంట్లో బీరువాలో ఉంది, స్విచాఫ్. వాడి భార్య సైదాబీ తీసి చూపించింది. అందుకే కాపు కాసి చూడటానికి వాడి చేనే ఎంచుకున్నాను. పది ముప్పావుకల్లా వెళ్ళి మోటారు పక్కన గట్టు మీద కూర్చున్నాను. చుట్టూ నరమానవుడు లేడు.

పదకొండింటికి పెట్టెలో టక్కుమంది. మోటారు లేచింది. పక్క చేలోది లేచింది. ఆ పక్కది. చెవులారా విన్నాను, ఫర్లాంగుల కొద్దీ ఒక్కసారే. ఆగాయి. మళ్ళీ లేచాయి. తర్వాత అంతా చప్పున చల్లారింది. ఫీడరు పడింది.

పెట్టె మూత తెరిచాను. లోపల నా స్టిక్కరు ఉంది. చూశాను. మూశాను.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచాను.

జనవరి 27, మంగళవారం

రాయకపోతే తల పగిలేలా ఉంది. రాస్తాను. ఎవరు చూస్తారు?

మాన్యువల్ మొదటి పేజీలోనే ఉంది: ఒక్కో రైతుకు ఒక్కో పిన్ పెట్టాలి, బయటివాళ్ళకు చెప్పకూడదు. చదవక కాదు, చదివాను. మొదట బిగించిన పెట్టెలకి అలాగే పెట్టాను కూడా. ఏమైంది? ఇస్మాయిల్ మోటారు వేసి పెళ్ళికి పోయాడు. చేను నిండి నీళ్ళు పక్కవాడి పత్తిలోకి పోతున్నాయి. ఆపుదామంటే పిన్ ఇస్మాయిల్‌కే తెలుసు, ఫోను చేస్తే బ్యాండుమేళంలో వాడికి వినపడి చావదు. సాయంత్రానికి ఇద్దరూ కర్రలు పట్టుకున్నారు.

మర్నాడు పదిమంది షాపుకొచ్చారు. "చేలో ఎవడుంటే వాడు పక్కోడి మోటారు ఆపడం మా కాడ ఎప్పటినుంచో ఉండేదే గదా సాయిబూ. ఎవడి నంబరు వాడికైతే ఎట్టా? అందరికీ ఒకటే పెట్టు" అన్నారు. పెట్టాను. వాళ్ళడిగితేనే పెట్టాను.

ఏ పని మొదలుపెట్టినా కాగితం తల మీద 786 రాయడం మా నాన్న అలవాటు. నాకూ అదే. అల్లా పేరు మీద మొదలైన పని చెడదని. నాలుగంకెలు కావాలంటే ముందు సున్నా పెట్టాను. 0786. ఎవరూ మర్చిపోకుండా స్టిక్కరు కొట్టించి, నా ఫోను నంబరుతో సహా ప్రతి మూత లోపలా అంటించాను. మూడు వందల పన్నెండు మూతలు. పెట్టెల నంబర్లు వరసగానే వస్తాయి, ఒకటి తెలిస్తే మిగతావి లెక్కపెట్టుకోవచ్చు.

పోయిన ఏడు ఒక పెట్టె మూత తెరిచి, పెట్టె నంబరూ స్టిక్కరూ కనపడేలా ఫోటో తీసి, మోటారు మెకానిక్కుల ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టాను. పనితనం చూపిద్దామని. ఆ గ్రూపులో నలభై వేల మంది ఉన్నారు.

నిన్న సాయంత్రం ఆ ఫోటో తీసేశాను. తీసేశాను కాబట్టి లేనట్టే.

జనవరి 28, బుధవారం

ఏ దేశంలో కూర్చున్నాడో ఆ దొంగముండాకొడుకు! వాడికి దేవమ్మ ఎవరో తెలుసా? మిరపచెట్టు ఎలా ఉంటుందో తెలుసా? తెరమీద నొక్కుకుంటూ నవ్వుకుంటున్నాడేమో. వాడు దొరికితే మోటారు షాఫ్టుకి కట్టి తిప్పుతాను.

నా పిన్ కాకపోతే ఇంకో దారిన వచ్చేవాడే. అంత చదువుకున్న దొంగకి నాలుగంకెలు ఒక లెక్కా?

జనవరి 30, శుక్రవారం

నమాజు నుంచి వచ్చాక మా ఆవిడ అబిదాకి చెప్పాను. గిన్నె కింద పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఇంకెవరికన్నా చెప్పావా?"

"లేదు."

"చెప్పబాక. కరెంటు మీద దాడి చేసినోడి నంబరు ఏందంటే ఏడువందల ఎనభై ఆరంట, పెట్టినోడు సాయిబంట. ఆ పైన నువ్వేం చెప్పినా ఎవరింటారు? నీ పెళ్ళాం పిల్లలు ఈ ఊళ్ళో తిరగాలా వద్దా?"

ఆమె ఊరికే అనలేదు. నిన్న టీ హోటల్లో ఒకడు ఫోనులో వచ్చిన మెసేజీ బిగ్గరగా చదివాడు. దీని వెనక ఉగ్రవాదులున్నారని, మన మధ్యే తిరుగుతున్నారని. చదివి నన్ను చూసి, "నిన్ను గాదులే సాయిబూ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వాడి మోటారు నాలుగుసార్లు కాలితే నాలుగుసార్లూ చుట్టింది ఈ చేతులే. నన్ను కాదని వాడు చెప్పాలా? ఎవడడిగాడు వాణ్ణి? గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టి వచ్చేశాను.

కాబట్టి నేను నోరు మూసుకోవడం భయంతో కాదు. పిల్లల కోసం.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఎవరికీ చెప్పకుండా నేనే సరిచేద్దామనుకున్నాను. పిన్ మార్చాలంటే పెట్టె దగ్గర నిలబడి లోపలి బటను నొక్కి పట్టుకోవాలి, ఫోనులో కుదరదు. నిన్న తెల్లారగట్ట మొదలుపెట్టి పదకొండు పెట్టెలకి మార్చాను. పట్టుదలగా పదకొండు రకాల అంకెలు పెట్టాను.

ఇవాళ పొద్దున్నే నలుగురు షాపు మీదకొచ్చారు. "పక్కోడి మోటారు ఆపుదామంటే తప్పు పిన్ అంటందేంది సాయిబూ? అసలే కరెంటు ఉండేది గంటా రెండు గంటలు. మాతోనా నీ ఆటలు?"

పోయి పదకొండూ మళ్ళీ 0786 చేసి వచ్చాను. ఏం చేయను? ఎందుకు మార్చావంటే ఏం చెప్పను?

ఇన్నయ్య ఇటువైపు రావడం లేదు. పది రోజులైంది. నేనేం చేశానని?

ఫిబ్రవరి 3, మంగళవారం

ఈ రోజు జరిగింది రాయాలని లేదు.

సెంటర్లో దేవమ్మ ఇన్నయ్య సైకిలు హ్యాండిలు పట్టుకుని ఆపేసింది. ఒకే చర్చికి పోతారు ఇద్దరూ, వాడు ఆమెని అత్తా అంటాడు. కొత్త ట్రాన్స్‌ఫార్మరు ఇంకా రాలేదు. మిరప ఆకు ముడుచుకుపోయింది. ఆమె గుప్పెడు ఎండిన పూత తెచ్చి వాడి మొహాన కొట్టింది.

"నీ చేతులు పడిపోను! రెండెకరాలు కౌలుకి చేస్తన్నా, చూడు ఎట్టా అయిందో! నువ్వు లైను వేసి మా కొంప తీశావంటగా! రేపు ప్రభువు ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడతావురా?"

ఇన్నయ్య తల వంచుకుని, "తప్పయిపోయిందత్తా" అన్నాడు. చేయని తప్పుకి.

నేను షాపులోంచి దూకినట్టు వెళ్ళాను. "ఏమే దేవమ్మా, నోరు అదుపులో పెట్టుకో! వాడేం చేశాడని? చూశావా నువ్వు?" అని మీద పడ్డాను. జనం పోగయ్యారు. నేను అరుస్తూనే ఉన్నాను, ఏఈని, కంపెనీని, ఆమెని. చివరికి నాకే ఊపిరాడలేదు.

దేవమ్మ నా వైపు వింతగా చూసింది. "నీకెందుకయ్యా హబీబూ అంత కోపం? నువ్వేం చేశావని?" అంది.

ఇన్నయ్య సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నా వైపు చూడనేలేదు.

ఫిబ్రవరి 5, గురువారం

ఇవాళ మా ఫీడరుతో ఆగలేదు. సబ్‌స్టేషనే మొత్తంగా పడిపోయింది. రెండు గంటలు ఎనిమిది ఊళ్ళకి కరెంటు లేదు. మంచినీళ్ళ ట్యాంకు ఎండిపోయింది. ప్రభుత్వాసుపత్రిలో షబ్నం, మా పెద్దన్న కూతురు, నొప్పులతో ఉంది. జనరేటరు లేవలేదు. ఫోను లైటు వెలుగులో కాన్పు చేశారు. బిడ్డ మొదట ఏడవలేదట. తర్వాత ఏడ్చింది. ఆడపిల్ల.

మాచవరం వైపు కూడా మోటార్లు ఇలాగే లేచాయని విన్నాను. వినగానే నాకు సంతోషమైంది. అక్కడ నా పెట్టెలు లేవు కదా అని. తర్వాత షబ్నం మొహం చూశాను. నా బతుకు చెడ!

ఫిబ్రవరి 8, ఆదివారం

రేపు విచారణ. నన్నెవరూ పిలవలేదు. నేను వెళ్ళను.

షాపులో పని ఉంది. వెళ్ళను.

ఫిబ్రవరి 9, సోమవారం

వెళ్ళాను.

అబిదాకి చెప్పలేదు. నరసరావుపేట పోతున్నానని అబద్ధం చెప్పి సబ్‌స్టేషన్ వైపు బండి తిప్పాను. ఆఫీసు గదిలో ఏఈ గారు, విజయవాడ నుంచి వచ్చిన ఒక మేడం, రాసుకోవడానికి ఒక కానిస్టేబులు ఉన్నారు. ఇన్నయ్య గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. "నువ్వెందుకొచ్చావురా, పో" అన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. నేను వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను.

మేడం కంప్యూటర్లలో దొంగదాడుల మీద పనిచేసే మనిషట, మాచవరం వైపు కూడా ఇలాగే జరిగిందని వచ్చిందట. ఇన్నయ్య రాసిచ్చిన వాంగ్మూలం పైకి చదువుతోంది. "మొబైల్ స్టార్టర్లను ఎవరు బిగించారు? జవాబు: తెలియదు. పిన్‌లు ఎవరు పెట్టారు? జవాబు: తెలియదు. పంతొమ్మిదేళ్ళుగా ఈ లైన్లోనే ఉన్నారు, తెలియదా ఇన్నయ్య గారూ?"

"తెలవదు మేడం" అన్నాడు ఇన్నయ్య.

వాడికి తెలియకపోవడమేంటి? పెట్టె బరువైతే స్తంభం దాకా మోసుకొచ్చింది ఎవరు? నా టిఫిను బాక్సులో సగం తిన్నది ఎవరు? ఒళ్ళంతా భగ్గుమంది. గదిలోకి ఎలా వెళ్ళానో గుర్తు లేదు.

"వాడు అబద్ధం చెబుతున్నాడు మేడం! బిగించింది నేను. మూడు వందల పన్నెండూ నేనే. అన్నిటికీ ఒకటే పిన్ పెట్టింది నేను. సున్నా ఏడు ఎనిమిది ఆరు. ఫేస్‌బుక్కులో పెట్టింది నేను. తీసేసింది కూడా నేనే!"

ఏఈ గారు కుర్చీలో ముందుకి వంగి, "సెవెన్ ఎయిటీ సిక్సా?" అన్నాడు. కానిస్టేబులు కలం ఆపి నా టోపీ వైపు చూశాడు. అబిదా చెప్పింది ఇదే.

"ఆ నంబరు ఎందుకు పెట్టారు?" మేడం అడిగింది.

"పని మొదలుపెట్టేటప్పుడు రాస్తాం మేడం. మంచి జరగాలని."

ఆమె రాసుకుంది. ఏఈ గారి వైపు తిరిగి, "అవతల మండలంలో వెయ్యి పెట్టెలకి ఒకటి రెండు మూడు నాలుగు ఉందండీ. అక్కడి మెకానిక్‌ని మీలాగా ఎవరూ చూడలేదు" అంది.

ఆయన మళ్ళీ కుర్చీలో వెనక్కి వాలాడు. దానితో అంతా తేలిపోయిందని కాదు. నా ఫోను తీసుకుని కవర్లో పెట్టారు. బుధవారం విజయవాడ రమ్మన్నారు, వకీలుని తెచ్చుకోవచ్చన్నారు. నన్ను చూసి ఆమె చివర్లో ఒక మాట అంది. "మీరు ముందే చెప్పుంటే ఐదో తారీకు ఆస్పత్రిలో కరెంటు పోయేది కాదు."

ఇన్నయ్య మెమో ఆపేశారు. రేపు పొద్దున్నుంచి మూడు వందల పన్నెండు పెట్టెల్నీ చేత్తో వేసే స్విచ్చికి మార్చేదాకా ఈ ఫీడరుకి కరెంటు ఇవ్వొద్దని మేడం కాగితం మీద రాసి ఏఈ చేత సంతకం పెట్టించింది.

ఇంటికొచ్చి చెప్పగానే అబిదా వకీలు నంబరు కోసం వాళ్ళ అన్నకి ఫోను చేసింది.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఆరింటికి తలుపు కొట్టాడు ఇన్నయ్య. "పద, నువ్వు మూత తెరుస్తుంటే నేను స్విచ్చి తిప్పుతా. రెండు చేతులకి మూడొందలు కావు" అన్నాడు. బండి మీద నా వెనక కూర్చున్నాడు.

రైతులు అప్పటికే చేలల్లో కాపు కాసి ఉన్నారు. ఇస్మాయిల్ గట్టు మీద నుంచే అరిచాడు. "మళ్ళీ కొత్త నంబరు పెడతావా సాయిబూ? ఏదన్నా గానీ అందరికీ ఒకటే పెట్టు, గుర్తుండి చావదు!" స్క్రూడ్రైవరు విసిరేశాను వాడి మీదకి. తగల్లేదు. ఇన్నయ్య పోయి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

దేవమ్మ చేను దగ్గరకొచ్చేసరికి ఎండ ముదిరింది. మిరప మొత్తం వాలిపోయి ఉంది. ఆమె పెట్టె మూత తెరిచి అడిగేశాను.

"నీకెప్పుడు తెలిసిందిరా?"

"మొదటి రోజే. ట్రాన్స్‌ఫార్మరు కాలినప్పుడు ఈ పెట్టె తెరిచింది నేనే గదా. నీ స్టిక్కరు చూశా. పక్క చేలో చూశా. ఆ పక్క చేలో కూడా చూశా."

"మరి చెప్పలేదేం?"

"ఏం చెప్పేది? నాకైతే ఉద్యోగం పోయిద్ది. నిన్నైతే..." అని ఆగాడు. "ఆ నంబరు చూస్తే నిన్నేం చేస్తారో ఎవరికి తెలుసు?"

"నువ్వెవడివిరా నన్ను కాపాడటానికి? పెళ్ళాం ఉపవాసాలుండి సంపాదించిన లిస్టు అది! నిన్నెవడడిగాడు? దేవమ్మ చేత మొహాన పూత కొట్టించుకుంటావా? తప్పయిపోయిందత్తా అంటావా?" కాలర్ పట్టుకున్నాను. వాడు విడిపించుకోలేదు. నేనే వదిలేశాను.

"షాపుకి రావడం మానేశావేం?"

"వస్తే అడిగేసేవాణ్ణి. అడిగితే నువ్వు అబద్ధం చెప్పాల్సొచ్చిద్ది గదా."

నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే వచ్చింది. "నేనొచ్చి చెబుతానని తెలవదా నీకు? అదన్నా తెలవదా?"

ఇన్నయ్య స్విచ్చి తిప్పి, మర బిగించి, మూత వేశాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"లేదురా. చెప్పవనే అనుకున్నా" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. టైమెంతయిందంటే చెప్పినట్టు చెప్పాడు. "పద, అవతల ఇంకా చానా ఉన్నాయి."

బండి స్టార్టు చేశాను. వాడు వెనక ఎక్కి నా భుజం మీద చేయి వేశాడు, ఎప్పుడూ వేసేలాగే.

నేను చెప్పనని తెలిసే వాడు ఉద్యోగం వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. మౌలాలీ చేలో నేను మూత మూసిన రోజు నుంచి నిన్నటిదాకా పద్నాలుగు రోజులు. ఆ పద్నాలుగు రోజులూ వాడు నా గురించి అనుకున్నదే నిజం.